నాటిన తర్వాత: ప్రకృతి మీద మనిషి చేతను ప్రశ్నించిన ప్రదర్శన కళ

'ప్రదర్శన కళ' అనగానే మనకు కూచిపూడి, వీధినాటకం, హరికథ, తోలుబొమ్మలాట గుర్తుకు వస్తాయి. ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచుకున్నది వాటిని కాదు. ఇరవయ్యో శతాబ్దం ఉత్తరార్ధంలో ఐరోపాలో, అమెరికాలో కొందరు చిత్రకారులూ శిల్పులూ బొమ్మ గీయడం, విగ్రహం చెక్కడం పక్కన పెట్టి, నలుగురి మధ్య తాము చేసే పనినే కళాకృతిగా నిలబెట్టారు. దానికి ఇంగ్లీషులో 'పెర్ఫార్మెన్స్ ఆర్ట్' అని పేరు. అందులో పాత్ర ఉండదు, కథ ఉండదు, చాలాసార్లు వేషం కూడా ఉండదు. అడవిలో చీపురు పట్టి ఊడవడం, చెత్త ఎత్తేవారి చేయి పట్టుకొని కృతజ్ఞత చెప్పడం, నగరం నడిబొడ్డున గోధుమ పండించడం, చెట్టు నాటడం: ఇటువంటివే ఆ కళాకృతులు. ప్రకృతికి మనిషి చేస్తున్నదేమిటన్న ప్రశ్నను 1970, 80 దశకాలలో ఈ కళ ఎలా ఎత్తుకున్నదో, ఆ ప్రశ్న ఈ కళను ఎక్కడికి తీసుకువెళ్ళిందో చూద్దాం.

ముందు పేరు దగ్గర కొంచెం ఆగాలి. మన 'ప్రదర్శన'లో ఉన్నది 'దర్శనం', అంటే చూపడం. తమిళనాట చదువుకుంటున్న విద్యార్థులకు 'నిగళ్త్తు కలై' అన్న మాట పరిచయమే. 'నిగళ్' అంటే జరగడం. 'నిగళ్త్తు' దానికి ప్రేరణార్థకం, అంటే జరిగించడం. షోలాపూరు, ముంబయి విద్యార్థులకు మరాఠీలో నాటకం ఆడడాన్ని 'ప్రయోగ్' అంటారని తెలుసు; మన వాడుకలో ప్రయోగమంటే చేసి చూడడం. ఒకే భావానికి ఒక భాష చూపడాన్ని పట్టుకుంది, ఒకటి జరిగించడాన్ని, ఒకటి చేసి చూడడాన్ని. మనం చెప్పుకోబోయే కళకు తెలుగు మాటకన్నా తమిళ మాటే దగ్గర. ఈ కళాకృతుల విలువ అవి ఏమి చూపాయన్న దానిలో లేదు. ఏమి జరిగించాయి, జరిగినదాన్ని ఆ తర్వాత ఎవరు కాపాడారు అన్న దానిలో ఉంది. ఈ వ్యాసంలో మా ప్రతిపాదన ఇదే.

నేపథ్యం

1962లో వెలువడిన రేచల్ కార్సన్ గ్రంథం 'సైలెంట్ స్ప్రింగ్' పురుగుమందుల వల్ల పక్షులకు, నేలకు, నీటికి కలుగుతున్న హానిని సామాన్య పాఠకుల ముందు పెట్టింది. 1970 ఏప్రిల్ 22న అమెరికాలో మొదటి ధరిత్రీ దినం జరిగింది. 1972 జూన్‌లో స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి మానవ పర్యావరణ మహాసభ జరిగింది. ఇదే కాలంలో కళాకారులు కూడా గ్యాలరీ గోడలు దాటి నేల మీదికి వచ్చారు. అయితే వచ్చినవారందరి నడత ఒకటి కాదు. మైకేల్ హైజర్ 1969-70లో నెవాడా ఎడారిలో ఒక మెట్ట అంచును తొలిపించి, 2,40,000 టన్నుల రాయీ మట్టీ తరలించి, 'డబుల్ నెగటివ్' అనే బృహత్తర కృతిని నిర్మించారు. అక్కడ భూమి శిల్పికి దొరికిన పెద్ద రాయి, అంతే. మనిషి చేయి భూమి మీద ఎంత బరువుగా పడగలదో ఆ కృతి నిరూపించింది కాని, పడవచ్చునా అని అడగలేదు.

ఆ ప్రశ్న అడిగినవారు యంత్రాలతో రాలేదు. వారి చేతుల్లో ఉన్నవి చీపురు, విత్తనం, గునపం వంటి పనిముట్లు.

చీపురు పట్టిన చేయి

జర్మన్ శిల్పి జోసెఫ్ బాయిస్ (1921-1986) డ్యూసెల్డార్ఫ్ కళా అకాడమీలో ఆచార్యులు. 1971 డిసెంబరులో, ఆ నగరం అంచున ఉన్న గ్రాఫెన్‌బెర్గ్ అడవిలో కొంత భాగం కొట్టివేసి టెన్నిస్ మైదానాలు విస్తరించే ప్రతిపాదన వచ్చింది. బాయిస్ సుమారు 50 మంది విద్యార్థులను వెంటబెట్టుకొని వెళ్ళి, భోజపత్ర జాతి చెట్ల పుల్లలతో కట్టిన చీపుళ్ళతో ఆ అడవి బాటలను ఊడ్చారు. కొట్టబోయే చెట్ల మీద తెల్లటి గుర్తులు వేశారు. బాయిస్ తన ఇటువంటి పనులను 'ఆక్సియోన్' అనేవారు. ఆ మాటకు 'చర్య' అని అర్థం.

అడవిని ఎవరూ ఊడవరు. మనం వాకిలి ఊడుస్తాం, ఇల్లు ఊడుస్తాం. అడవిని ఊడ్చడంలో ఆయన చెప్పకుండానే చెప్పినది, ఇది కూడా మన వాకిలే అని. అయినా ఆ చర్య నిరసన దగ్గరే ఆగింది. ఊడ్చిన బాట మీద మర్నాడు మళ్ళీ ఆకులు రాలి ఉంటాయి. ఎవరు ఊడుస్తారు? ఈ రెండో ప్రశ్నను సూటిగా వేసినవారు అట్లాంటిక్ అవతలి ఒడ్డున ఉన్న ఒక తల్లి.

సంరక్షణే కళ

మిర్లె లేడర్‌మన్ యూకెలీస్ 1969లో, మొదటి బిడ్డ పుట్టిన కొద్దికాలానికి, 'మెయింటెనెన్స్ ఆర్ట్' పేరుతో ఒక ప్రకటన పత్రం రాశారు. లోకంలో పనులు రెండు రకాలని అందులో ఆమె వాదన. కొత్తదాన్ని నిర్మించే పని ఒకటి. దానికి పేరూ డబ్బూ ఉన్నాయి. ఉన్నదాన్ని నిలబెట్టే పని మరొకటి: అంట్లు తోమడం, గుడ్డలు ఉతకడం, చెత్త తీయడం. దానికి పేరు లేదు, కూలి తక్కువ. ఈ రెండో పనినే తన కళగా ప్రకటిస్తున్నానని ఆమె రాశారు. అదే పత్రంలో ఒక ప్రదర్శనకు ప్రణాళిక కూడా ఉంది. రోజూ మ్యూజియంకు ఒక చెత్తబండి సరుకు, కలుషితమైన గాలి, హడ్సన్ నది మురికినీరు, పాడైన నేల మట్టి తెప్పించి, అక్కడే వాటిని శుద్ధి చేసి చూపాలన్నది అందులో ఒక భాగం. వంటింటి అంట్ల నుంచి నది దాకా ఒకే గీత గీసిన ఆలోచన ఇది. ప్రకృతి పరిరక్షణ అంటే అడవుల్లో చేసే వీరకార్యం కాదు, ప్రతి ఇంటిలో రోజూ జరిగే చాకిరీకి కొనసాగింపు అని అప్పటికి ఇంత స్పష్టంగా చెప్పిన కళాకారులు అరుదు.

1973లో హార్ట్‌ఫర్డ్ మ్యూజియం మెట్లను ఆమె నీళ్ళతో కడిగారు. జనం నడిచి మళ్ళీ మురికి చేస్తే మళ్ళీ తుడిచారు. తర్వాత న్యూయార్క్ పారిశుద్ధ్య శాఖలో జీతం లేని ఆస్థాన కళాకారిణిగా చేరారు. 1979 జూలై నుంచి 1980 జూన్ దాకా, పదకొండు నెలల పాటు, ఆ నగరంలోని అన్ని పారిశుద్ధ్య విభాగాలకూ తిరిగి 8,500 మంది కార్మికులకు ఒక్కొక్కరికీ కరచాలనం చేశారు. నగరాన్ని బతికించి ఉంచుతున్నందుకు ఒక్కొక్కరికీ కృతజ్ఞత చెప్పారు. ఈ కృతి పేరు 'టచ్ శానిటేషన్'. ముట్టుకోవడం అన్న మాట మన దేశంలో ఎంత బరువు మోస్తున్నదో వేరే చెప్పనక్కర్లేదు. చెత్త ఎత్తేవారి చేయి పట్టుకోవడమనే చర్య న్యూయార్క్‌లోకన్నా మన ఊళ్ళలో చేసి ఉంటే మరింత పదునుగా ఉండేది.

ఆ కార్మికులు ఎత్తిన చెత్తలో చాలా భాగం స్టాటెన్ ఐలండ్‌లోని ఫ్రెష్ కిల్స్ గుట్టకు చేరేది. అదొకప్పుడు ఉప్పునీటి చిత్తడినేల. 1948లో చెత్త పోయడం మొదలై 2001లో ఆగింది. ఇప్పుడు ఆ గుట్టలను పార్కుగా మారుస్తున్నారు. ఒక నగరం అరశతాబ్దిలో చేసినదాన్ని సరిదిద్దడానికి దశాబ్దాలు పడుతున్నాయన్నమాట.

డాలర్ల నేల మీద గోధుమ చేను

1982లో ఇదే నగరంలో మరో కళాకారిణి చేను వేశారు. బుడాపెస్ట్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆగ్నెస్ డెనెస్, మన్‌హట్టన్ దక్షిణ కొసన ప్రపంచ వాణిజ్య కేంద్రం పునాదుల తవ్వకంలో వచ్చిన మట్టితో పూడ్చిన రెండెకరాల నేల ఎంచుకున్నారు. వాల్ స్ట్రీట్ అక్కడికి నడక దూరం. రాళ్ళూ చెత్తా ఏరించి, 200 లారీల మట్టి తోలించి, చేతితో 285 చాళ్ళు తీసి గోధుమ చల్లారు. నాలుగు నెలలు కలుపు తీసి, నీరు పెట్టి, తెగులు మందు కొట్టి, ఆగస్టు 16న కోత కోశారు. వెయ్యి పౌనుల పైచిలుకు, అంటే 450 కిలోలు దాటి గింజ వచ్చింది. పంజాబు రైతు విని నవ్వుకునే దిగుబడే. కాని ఆ నేల విలువ అప్పట్లో 450 కోట్ల డాలర్లని లెక్క. అంత ఖరీదైన నేల మీద అంత చవక పంట పండించడమే అక్కడ పెట్టిన ప్రశ్న. భూమి విలువను మనం దేనితో కొలుస్తున్నాం? ఆ కృతి పేరులోనే 'ఎదురుబొదురు నిలవడం' అన్న అర్థం గల మాట ఉంది. పండిన గింజ తర్వాత ప్రపంచ ఆకలి నివారణ కోరే ఒక సంచార ప్రదర్శనతో పాటు 28 నగరాలు తిరిగింది.

ఈ కృతిని మెచ్చుకుంటూనే రెండు విషయాలు గమనించాలి. మొదటిది: ప్రకృతిపై మనిషి పెత్తనాన్ని ప్రశ్నించే చేనుకు కూడా లారీలు, ఎరువు, మందు అవసరమయ్యాయి. రెండోది: కోత తర్వాత ఆ చేను లేదు. ఆ నేల మీద ఇప్పుడున్నవి ఆకాశహర్మ్యాలు. పసుపురంగు చేను వెనక జంట భవనాలున్న ఛాయాచిత్రాలు మిగిలాయి. 2001 తర్వాత ఆ భవనాలూ లేవు. చూపడం విషయంలో ఈ కృతి అసమానం. నిలవడం దాని ఉద్దేశం కాదు.

ఏడువేల రాళ్ళు, ఏడువేల చెట్లు

అదే 1982లో బాయిస్ మళ్ళీ చెట్ల దగ్గరికి వచ్చారు. జర్మనీలోని కాసెల్ నగరంలో 'డాక్యుమెంటా' అనే అంతర్జాతీయ కళా ప్రదర్శన కొన్నేళ్ళకొకసారి జరుగుతుంది. కాసెల్ 1943 అక్టోబరు బాంబుదాడిలో బూడిదై, యుద్ధం తర్వాత విశాలమైన మోటారు రోడ్లతో మళ్ళీ కట్టిన ఊరు. ఏడవ డాక్యుమెంటా సందర్భంగా బాయిస్ ప్రదర్శనశాల ముందు మైదానంలో 7,000 బసాల్టు రాతిస్తంభాలు గుట్టగా పోయించారు. షోలాపూరు పరిసరాల విద్యార్థులకు బసాల్టు కొత్త కాదు. దక్కను పీఠభూమి నల్లరాయి అదే. బాయిస్ పెట్టిన నియమం ఒక్కటే. నగరంలో ఎక్కడైనా ఒక చెట్టు నాటితేనే ఆ గుట్ట నుంచి ఒక రాయి కదులుతుంది. ఆ రాయిని ఆ చెట్టు పక్కనే, నేలపైకి సుమారు నాలుగడుగులు కనిపించేలా పాతాలి.

ఈ కృతి ఉపశీర్షికలో మాటల ఆట ఒకటి ఉంది. జర్మన్‌లో 'ష్టాట్‌ఫెర్వాల్టుంగ్' అంటే నగర పరిపాలన. అందులో 'ట'ను 'డ' చేసి 'ష్టాట్‌ఫెర్వాల్డుంగ్' అన్నారు బాయిస్. 'వాల్డ్' అంటే అడవి కనుక, అది నగరాన్ని అడవి చేయడం అవుతుంది. మొదటిదానికి బదులు రెండోది కావాలన్నది నినాదం. శ్వాస అక్షరం నాదంగా మారితే పాలన వనమైంది. వర్ణభేదం వల్ల అర్థభేదం కలుగుతుందని భాషాశాస్త్ర తరగతిలో మనం చెప్పుకునే సూత్రానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. తన సిద్ధాంతానికి ఆయన పెట్టుకున్న పేరు 'సోత్సియాలె ప్లాస్టిక్'. ఇక్కడి 'ప్లాస్టిక్' మన సంచుల ప్లాస్టిక్ కాదు. జర్మన్‌లో ఆ మాటకు శిల్పమనే అర్థం కూడా ఉంది. సమాజమే శిల్పం, దాన్ని మలిచే ప్రతి మనిషీ కళాకారుడే అని ఆయన భావన.

ఊరివారు సంతోషించలేదు. అందమైన మైదానంలో ఈ రాళ్ళ గుట్ట ఏమిటన్నారు. కార్లు నిలుపుకొనే చోటు పోతుందన్నారు. ఆ కోపమే కృతికి ఇంధనం. గుట్ట కళ్ళ ముందు నుంచి పోవాలంటే చెట్లు నాటడం తప్ప దారి లేదు. వీధిలో అందరికీ కనిపించేలా రాసిపెట్టిన బాకీ లెక్క అది. ఒక చెట్టుకూ రాయికీ కలిపి 500 మార్కులు చందా పెట్టారు. ఏడువేలకు 35 లక్షల మార్కులు. న్యూయార్క్‌లోని డయా ఆర్ట్ ఫౌండేషన్ మొదటి సొమ్ము ఇచ్చింది. మిగతా సొమ్ము కోసం బాయిస్ ఒక జపాన్ విస్కీ ప్రకటనలో కూడా కనిపించారు. రష్యా జార్ కిరీటానికి నకలుగా చేసిన బంగారు కిరీటాన్ని బహిరంగంగా కరిగించి కుందేలు బొమ్మ పోతపోశారు. చెట్టు కోసం మద్యం ప్రకటనా అని అడిగినవారి ప్రశ్న న్యాయమైనదే. అయితే వీధిలో చెట్టు నాటడానికి డబ్బు కావాలి, అనుమతి కావాలి, భూగర్భంలోని తీగలూ గొట్టాలూ ఎక్కడున్నాయో తెలిసిన ఇంజనీరు కావాలి. చేతిలో గునపం ఉన్నంత మాత్రాన నగరంలో చెట్టు నిలవదు.

బాయిస్ 1982 మార్చిలో మొదటి ఓక్ నాటారు. 1986 జనవరిలో ఆయన మరణించేనాటికి సుమారు 5,500 చెట్లు నాటడం పూర్తయింది. మిగతావి ఇతరులు నాటారు. 1987 జూన్ 12న, ఎనిమిదవ డాక్యుమెంటా ప్రారంభం రోజున, మొదటి చెట్టు పక్కనే ఆయన కుమారుడు ఆఖరి చెట్టు నాటారు. అన్నీ ఓక్ చెట్లు కావు. స్థలాన్ని బట్టి లిండెన్, మేపుల్, ప్లేన్ వంటివి కూడా ఉన్నాయి. మొదట్లో రాయి పెద్దది, మొక్క చిన్నది. ఇప్పుడు చాలా వీధుల్లో చెట్టు రాయిని మించి ఎన్నో రెట్లు పెరిగింది. వీటి బాగోగులకు ప్రత్యేకంగా ఒక సంస్థ ఏర్పడింది, నగరం కూడా చూసుకుంటున్నది. చచ్చిన చెట్టు స్థానంలో మరొకటి నాటుతున్నారు. కళాకారుడు పోయిన తర్వాత కూడా కళాకృతి జరుగుతూనే ఉండడం ఇదే. డెనెస్ కూడా తర్వాతి కాలంలో ఈ దారికే వచ్చారు. 1992-96లో ఫిన్లాండ్‌లో కంకర తవ్వి పాడైన నేల మీద ఒక కృత్రిమ గుట్ట పోయించి, 11,000 మంది చేత 11,000 చెట్లు నాటించారు. ఆ వనాన్ని 400 ఏళ్ళు కాపాడాలన్న ఏర్పాటు కూడా కృతిలో భాగమే.

తిమ్మక్క వేసిన ప్రశ్న

కర్ణాటకలోని మన విద్యార్థులు ఇక్కడ ఒక సందేహం అడగవచ్చు. మాగడి తాలూకా హులికల్, కుదూరు గ్రామాల మధ్య రోడ్డు పొడవునా తిమ్మక్క, ఆమె భర్త చిక్కయ్య వందల మర్రి మొక్కలు నాటి, కుండలతో నీళ్ళు మోసి పెంచారు. 'సాలుమరద' అంటే సాలు చెట్ల తిమ్మక్క అని ఆమెకు పేరు. 2019లో పద్మశ్రీ వచ్చింది. 2025 నవంబరులో మరణించారు. ఆమెను ఎవరూ ప్రదర్శన కళాకారిణి అనలేదు. మరి బాయిస్ చెట్లు మాత్రం కళ ఎందుకయ్యాయి?

బాయిస్ సిద్ధాంతం ప్రకారం చూస్తే తిమ్మక్క కూడా కళాకారిణే. కాని ఆ బిరుదు వల్ల ఆమెకు కొత్తగా వచ్చే గౌరవమేమీ లేదు. పిల్లలు లేని దుఃఖంలోంచి, బాటసారికి నీడ కావాలన్న తలపులోంచి పుట్టిన పని అది. నీళ్ళు మోయడంతో ఆ పని ప్రతిరోజూ పూర్తయింది. బాయిస్ పని అలా పూర్తి కాదు. ఆయన చెట్టుతో పాటు ఒక రాయిని, ఒక నియమాన్ని, ఒక గడువులేని బాధ్యతను నగరం మీద పెట్టారు. చెట్టుకు కళ అవసరం లేదు. చెట్టు బాధ్యత ఎవరిదని ఊరంతటినీ అడగడానికి మాత్రం కళ పనికివచ్చింది. 2019లో బాగేపల్లి నుంచి వచ్చే రోడ్డు వెడల్పు చేసేటప్పుడు తిమ్మక్క మర్రిచెట్లకే ముప్పు వచ్చింది. ఆమె ముఖ్యమంత్రికి మొరపెట్టుకోవలసి వచ్చింది. నూరేళ్ళు దాటిన ఆ తల్లి నాటిన చేతితోనే కాపలా కూడా కాయవలసి రావడం, ఆ బాధ్యతను మనం పంచుకోలేదనడానికి సాక్ష్యం.

మాట, చేత, పూచీ

ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ కొన్ని వాక్యాలు సంగతిని చెప్పవని, ఒక పనినే చేస్తాయని వివరించారు. 'మాట ఇస్తున్నాను' అన్న వాక్యం ఒక వార్త కాదు. అన్నప్పుడే మాట ఇవ్వడం జరిగిపోతుంది. అయితే ఆ మాట నిలిచిందా లేదా అన్నది ఆ క్షణంలో తేలదు. ప్రకృతి విషయమై పుట్టిన ప్రదర్శన కళ కూడా మాట ఇవ్వడం వంటిదే. ఊడ్చిన రోజున, నాటిన రోజున కెమెరాలు ఉంటాయి. ఆ మాట నిలబెట్టే రోజులన్నీ కెమెరాలు లేనివే.

ఇటీవలి కృతులు కూడా ఈ పరీక్షను తప్పించుకోలేవు. ఓలాఫుర్ ఎలియాసన్ భూగర్భ శాస్త్రజ్ఞుడు మినిక్ రోసింగ్‌తో కలిసి గ్రీన్‌లాండ్ సముద్రపాయలో తేలుతున్న మంచుగడ్డలను 2014లో కోపెన్‌హేగెన్‌కు, 2015లో వాతావరణ మహాసభ జరుగుతున్న పారిస్‌కు, 2018లో లండన్‌కు తెప్పించి, నడివీధిలో కరగనిచ్చారు. జనం చేతులతో తాకి, చెవి ఆనించి విన్నారు. అంత దూరం మంచు మోయడానికి ఎంత ఇంధనం కాలిందని విమర్శకులు అడిగారు. ఆ కృతి వల్ల వెలువడిన కర్బనానికి లెక్క కట్టించి ప్రకటించారు. కళాకృతితో పాటు దాని ఖర్చు లెక్క కూడా జనం ముందు పెట్టడం మంచి సంప్రదాయం.

ఈ అంశం మీద వ్యాసమో పరిశోధనో రాయబోయే విద్యార్థులకు మా సూచన ఒకటే. మీరున్న బళ్ళారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, యానాంలోనో ఒక చెరువు దగ్గర, ఒక నది ఒడ్డున ఎవరైనా ఇటువంటి చర్య చేస్తే, ఆ రోజు తేదీ, వచ్చినవారి సంఖ్య, పత్రికల్లో పడిన ఫోటో తప్పక నమోదు చేయండి. తర్వాత ఒక ఏడాదికి, అయిదేళ్ళకు, పదేళ్ళకు అదే చోటికి మళ్ళీ వెళ్ళండి. మొక్క ఉందా, నీళ్ళు ఎవరు పోశారు, వారికి కూలి ఎవరిచ్చారు, వారి పేరు ఏ కాగితంలోనైనా ఉందా అని అడిగి రాసుకోండి. ఈ కళకు రావలసిన చరిత్రలో సగం ఇంకా ఎవరూ రాయలేదు. అది ఆ నీళ్ళు పోసినవారి నోటినే ఉంటుంది, చాలాసార్లు మీ ఇంటి భాషలోనే ఉంటుంది.